పాయింట్ల మధ్య

వెస్ట్ మెర్సీలో ఆటు దిగిపోయిన పూట
పడవలన్నీ బురదమీద ఒక పక్కకు ఒరిగి
కునుకు తీస్తుంటాయి.
పాత సామాన్ల సంతలో పదిహేను పౌండ్లకు కొన్నాను దీన్ని.
ఇత్తడి ట్యాంకు, కొంగకాలులాంటి కాలు,
ట్యాంకు అడుగున మేకుతో గీకిన రెండక్షరాలు: హెచ్, ఎమ్.
"తిరుగుతుంది గానీ పలకదు" అన్నాడు అమ్మినవాడు.
ఆ ఫిర్యాదు నాకు కొత్త కాదు.
వారానికి నాలుగు రోజులు కాల్చెస్టర్‌లో
చెవులు పరీక్షించడమే నా పని.

విల్ఫ్ మసెట్‌కి ఎనభై ఒకటి.
పై స్వరాలు పోయాయి,
పిట్టలు లేవు, కెటిల్ ఈల లేదు.
"నా చెవుల్ని తిన్నవి ఇవే" అని మోటారును చూపించి,
తిన్నదానికే మళ్ళీ కబళం కలిపేవాడిలా
స్పానర్ల డబ్బా మోసుకుని నా షెడ్డుకొచ్చాడు.

ముందు ఊపిరి.
ప్లగ్గు విప్పి, ఆ కంతమీద బొటనవేలు నొక్కిపెట్టి
తాడు లాగాను.
వేలిని ఎగదోసింది. బతికే ఉంది.

తరవాత తిండి.
కార్బురేటరు గిన్నెలో ఏనాటిదో పెట్రోలు
తీగపాకం దాటి ఉండపాకమైపోయింది.
జెట్టులోకి సూది పెట్టబోతే విల్ఫ్ చేయి పట్టుకున్నాడు:
"కంత పెరిగితే ఆకలీ పెరుగుతుంది."
బ్రష్షులోంచి పీకిన ఒక్క వెంట్రుకతో
సాయంత్రమంతా పొడిచాం.

చివరికి నిప్పు.
ప్లగ్గును సిలిండరు తలకు ఆనించి, షెడ్డులో దీపం ఆర్పి,
లాగాను.
చీకటి.
లాగాను.
చీకటి, పెట్రోలు వాసన, విల్ఫ్ దగ్గు.

ప్లగ్గు మార్చాం. తీగ కొస కత్తిరించి మళ్ళీ బిగించాం.
ఊరందర్నీ అనుమానించాక ఇక ఇంట్లోవాళ్ళే మిగిలినట్టు
ఫ్లైవీలు మిగిలింది, అరవై డెబ్బై ఏళ్ళ మొండితనంతో.
రెండు వారాలు నూనె తాగించాం.
ఒక ఆదివారం, వాన మధ్యలో,
ఠంగుమని వదిలేసింది.

కింద పాయింట్లు. వడ్లగింజంత రెండు లోహపు పెదాలు.
వాటి మధ్య
మడతమీద మడత పెట్టిన కాగితం.

శ్రావణంతో లాగి విప్పాను.
ఆటుపోట్ల పట్టికలోంచి చింపిన ముక్క.
నవంబరు, ఒక గురువారం,
తెల్లవారుజాము నాలుగూ పది కింద పెన్సిలు గీత.
ఇది తుప్పు కాదు. వయసూ కాదు.
తెలిసిన చేయి చేసిన పని.

విల్ఫ్ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.
ట్యాంకు కింది అక్షరాలను అతను మొదటిరోజే చూశాడనీ
నాకు చెప్పలేదనీ అప్పుడర్థమైంది.

"అమ్మ" అన్నాడు.
"యుద్ధంలో ఫ్యాక్టరీలో మాగ్నెటోలు చుట్టింది.
నాన్నకు తాడు లాగడం వచ్చు, అంతే.
ఆ శీతాకాలం పడవ అమ్మేసి రొట్టెల బండి తోలాడు.
ఎనభై నాలుగేళ్ళకు మంచంలో పోయాడు,
దీన్ని తిట్టుకుంటూనే."

"ఆ గురువారం సముద్రంలో ఏమైంది?"

మళ్ళీ అడగమని చెవి నావైపు తిప్పాడు. అడిగాను.

"ఏమీ కాలేదు. గాలి కూడా లేదు."

పాయింట్లు సానపట్టి, ఎడం కొలిచి,
పది పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె కలిపి,
నీళ్ళ పీపాలో దింపి లాగితే
మూడోసారికి అందుకుంది.
షెడ్డంతా నీలిపొగ, పక్కింటి కుక్క మొరుగు,
పీపాలో నీళ్ళు గంతులు.
విల్ఫ్ చెవి మిషన్లు తీసి చొక్కా జేబులో వేసుకుని
ట్యాంకుమీద అరచేయి పరిచాడు.
కింది స్వరాలు ఇంకా అతనివే.
నేను ఆపబోతే తల అడ్డంగా ఊపాడు.

శనివారం నేనొక్కదాన్నే బయల్దేరాను.
అతను రేవుమెట్ల మీదే ఉండిపోయాడు,
మోకాళ్ళట, ఇంకేదో కూడానట.
నది మలుపులో స్పేర్ డబ్బా తెరిచి చూసుకున్నాను:
ఒక ప్లగ్గు, ఒక స్ప్రింగు, తాడు,
వాటి అడుగున, మళ్ళీ అవే మడతల్లో,
ఆ కాగితం.
ఎందుకైనా మంచిదని.